చూపు నిలవని వీధి

గాజుల వీధిలో, ఉదయం పూట జనం కిటకిటలాడే వేళ, టైలరు నాగమోహన్ గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. కూర్చున్నవాడు కాసేపటికి పక్కకి ఒరిగాడు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది. అతన్ని ఎవరూ కొట్టలేదు, ఏ బండీ గుద్దలేదు. షుగర్ పడిపోయింది, అంతే. గుప్పెడు పంచదార నోట్లో పోస్తే లేచి కూర్చునేవాడు. పక్క సందు మొదట్లోనే టీకొట్టు ఉంది. పంచదార ఉంది. పోసేవాళ్ళే లేకపోయారు.

అతని చెల్లెలు సువర్చల ఆ గోడని తయారుచేసిన ఇద్దరిలో ఒకతి.

స్టేషనులో ఎస్సై ఆమెని కూర్చోబెట్టి వీధి కెమెరాలో పడింది చూపించాడు. తెర మీద అన్నయ్య చిన్నగా, నలిగిన గుడ్డపీలికలా కనిపించాడు. జనం వస్తున్నారు, వెళ్తున్నారు. ఏట్లో రాయిని చుట్టుకుని నీళ్ళు పోయినట్టు అతని చుట్టూ వంపు తిరిగి పోతున్నారు. ఒకావిడ చీర కుచ్చెళ్ళు కాస్త పైకి పట్టుకుని అతని కాలు దాటింది. దాటేటప్పుడు కిందికి చూడనైనా చూడలేదు. ఒకసారి అతను చెయ్యెత్తాడు. ఆ చెయ్యి ఎవరికో తగిలింది కూడా. తగిలినవాడు చొక్కా సర్దుకుని వెళ్ళిపోయాడు.

"ఏం మనుషులమ్మా వీళ్ళు," అన్నాడు ఎస్సై. "కళ్ళు దొబ్బాయా ఒక్కొక్కడికి?"

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆ సంగతి సువర్చలకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు.

గాజుల వీధి ఒకప్పుడు అలా ఉండేది కాదు. బెజవాడ పాతబస్తీలో అంత ఇరుకైన వీధి, అంత ఆలస్యమైన వీధి ఇంకోటి లేదు. ప్రతి ఇంటికీ ముందు అరుగు. అరుగు మీద ఎవరో ఒకరు. నీలం సున్నం వేసిన గోడలు, చెక్క స్తంభాలు, దూలానికి వేలాడే గాజుల గుత్తులు. అడుగుకొకచోట కన్ను ఆగేది, కన్ను ఆగినచోట కాలు ఆగేది, కాలు ఆగితే మాట మొదలయ్యేది. నాగమోహన్ కుట్టుమిషను ఒక అరుగు మీదే ఉండేది. అమ్మానాన్నా పోయాక ఆ అరుగు మీద జాకెట్లు కుడుతూనే చెల్లెల్ని పీహెచ్‌డీ దాకా చదివించాడు. ఆమె అక్కడే, మిషను పక్కన బోర్లా పడుకుని లెక్కలు చేసుకునేది.

ఒక వేసవిలో ఆ వీధిలో అంబులెన్సు ఇరుక్కుపోయింది. లోపల పురిటినొప్పులు పడుతున్న అమ్మాయి. ఆ అమ్మాయి బతకలేదు, బిడ్డా బతకలేదు. జనం నడుస్తూ ఉంటే ఇలా అయ్యేది కాదు కదా అనుకుంది సువర్చల. అప్పటికి ఆమె దృశ్యశాల అనే ప్రైవేటు పరిశోధనశాలలో పనిచేస్తోంది. మనిషి కన్ను దేన్ని చూస్తే ఎలా కదులుతుందన్నదే అక్కడి పని. ఆ శాలకి అధిపతి డాక్టర్ చక్రధరరావు.

ఆ గోడని కనిపెట్టింది కూడా పొరపాటునే. ఒకరోజు బట్టీలోంచి తీసిన పింగాణీ ఫలకాలు వరండాలో గోడకి ఆనించి పెట్టారు. వాటి మీద సన్నసన్నని నిలువు గాళ్ళు, ఒక్కో గాడికీ పక్కదానికీ వెంట్రుకవాసి తేడా. ఆ వరండాలో ఎప్పుడూ నిలబడి కబుర్లు చెప్పుకునే మనుషులు ఆరోజు నిలబడలేదు. కాఫీ పట్టుకొచ్చినవాడు కప్పు ఇవ్వకుండానే ముందుకి వెళ్ళిపోయి, చివర ఆగి, తెల్లబోయి వెనక్కి చూశాడు. సువర్చల లేచి తనే నడిచి చూసింది. ఫలకాల మీద చూపు వాలబోతుంది, వాలడానికి చోటు దొరకదు, ఇంకాస్త ముందుంటుందేమో అనిపిస్తుంది. కన్ను ముందుకి జారితే కాలు దాని వెంట పోతుంది. తయారుచేసినవాళ్ళయినా సరే, నేల మీద చూపు పెట్టుకుంటే తప్ప తప్పించుకోలేరు.

చక్రధరరావు ఆరోజు ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు. "అమ్మా, ఈ ఊళ్ళో ఇక ఏ అంబులెన్సూ ఆగదు," అన్నాడు.

ఆ మాట కోసమే ఆమె రెండేళ్ళు నిద్ర మానుకుని పనిచేసింది. శాల వెనక రేకుల షెడ్డులో నమూనా వీధి కట్టారు. మనుషుల్ని తెచ్చి నడిపించారు. చివరికి గాజుల వీధికే మొదట వేయాలని తీర్మానం అయింది. అరుగులు కొట్టేశారు. నీలం గోడల మీద ఆ కొస నుంచి ఈ కొస దాకా తెల్లటి ఫలకాలు బిగించారు. అంగళ్ళకి సన్నటి తలుపులు మాత్రం మిగిలాయి. వీధి నిజంగానే పారింది. పేపర్లన్నీ రాశాయి.

నాగమోహన్ మిషను వెనక సందులో ఒక గదిలోకి మారింది. "నీ గోడ బావుందే అమ్మలూ," అన్నాడు ఒకరోజు చెల్లెలితో, సూదిలో దారం ఎక్కిస్తూ. "కాకపోతే ఆ వీధమ్మట వస్తుంటే ఎవరూ పలకరించట్లేదు. నేనూ ఎవర్నీ పలకరించట్లేదనుకో. ఇంటికొచ్చాక గుర్తొస్తది, అరే, ఫలానావాడు ఎదురయ్యాడే అని."

"అలవాటు పడతావులే అన్నయ్యా," అందామె.

పదోరోజు కర్మకి ఏసుదాసు వచ్చాడు. దృశ్యశాలలో బట్టీ చూసే టెక్నీషియను. భోజనానికి కూర్చోలేదు. పెరట్లో చేతులు కడుక్కుంటున్న సువర్చల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మేడం, మీకొకటి చెప్పాల. చెప్పకపోతే నాకు ముద్ద దిగట్లేదు."

"చెప్పు."

"వీధికి ఫలకాలు బిగించకముందు, మీరు ఢిల్లీ వెళ్ళినప్పుడు, సారు ఇంకో పరీక్ష చేయించారు. నన్ను షెడ్డులో నేల మీద పడుకోమన్నారు. మూలగమన్నారు. జనాన్ని నడిపించారు. ఒక్కళ్ళు ఆగలేదండి. ఒకడు నా చెయ్యి తొక్కాడు. బయటికొచ్చాక వాళ్ళని అడిగితే, లోపల ఎవరూ లేరండీ అన్నారు. అబద్ధం కాదండి, వాళ్ళకి నిజంగానే తెలీదు. మళ్ళీ చేశారు. మళ్ళీ అంతే. ఈ సంగతి ఎవరితో అనకు, దీన్ని సరిచేద్దాం అన్నారు సారు. సరిచేశారనుకున్నా."

సువర్చల కుళాయి కట్టేసింది. చెంబు కింద పెట్టింది. ఏసుదాసు ఏడుస్తున్నాడు. ఆమెకి ఏడుపు రాలేదు. కడుపులో ఎక్కడో ఒక నిప్పు కణిక పడ్డట్టయింది. అది ఆరకుండా చూసుకోవాలనిపించింది.

మర్నాడు చక్రధరరావు గదికి వెళ్ళింది. ఆయన లేచి నిలబడి, ఎంతో బాధపడుతున్నట్టే పలకరించాడు. బాధపడుతున్నాడేమో కూడా. ఆమె ఏసుదాసు పేరు ఎత్తకుండా, నేల మీద మనిషిని పడుకోబెట్టిన పరీక్ష సంగతి అడిగింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"అది అసంపూర్ణమైన పరీక్ష, సువర్చలా. దాన్నిబట్టి ఏదీ చెప్పలేం. ఆ వీధి ఎండాకాలం లోపల అప్పజెప్పాల్సి వచ్చింది. వందలమంది సౌకర్యం ఒకవైపు..."

"నాకెందుకు చెప్పలేదు సర్?"

"చెప్తే ఆపేదానివి." ఆ ఒక్క మాటా నిజాయితీగా వచ్చింది. వెంటనే గొంతు మార్చాడు. "చూడు, ఆ పరీక్ష ఆనవాళ్ళేవీ ఇప్పుడు లేవు. నువ్వు బయటికెళ్ళి అరిస్తే, అన్న పోయిన దుఃఖంలో మాట్లాడుతోంది అంటారు. పైగా ఫలకం కనిపెట్టినవాళ్ళుగా నా పేరు పక్కన నీ పేరూ ఉంది. ఆలోచించుకో."

ఆమె ఆలోచించుకుంది. ఉద్యోగం మానలేదు. మర్నాటి నుంచి అందరికన్నా ముందే వచ్చి పనిలో కూర్చుంది. ఆమె ఎంత తేరుకుందో అని తోటివాళ్ళు మెచ్చుకున్నారు.

కాని ఊళ్ళో గుసగుసలు ఆగలేదు. ఆ కెమెరా దృశ్యం ఫోన్లలో తిరిగింది. గోడలు మనుషుల బుర్ర తినేస్తున్నాయని ఎవరో అన్నారు. ఇంకో నాలుగు నగరాలు ఈ ఫలకాలు కొనబోతున్న సమయం అది. చక్రధరరావు విలేకరుల్ని పిలిచాడు. "ఈ ఫలకం మనసుని ముట్టుకోదు. నడకకి దారి చూపిస్తుంది, అంతే. నా మాట మీద నమ్మకం లేకపోతే, వీటిని నా ఇంటికే వేయించుకుంటున్నాను. మా అమ్మాయీ నేనూ ఆ ఇంట్లోనే ఉంటాం. వచ్చి చూసుకోండి," అన్నాడు.

ఆ ఇంటి ఫలకాలు తయారుచేసే పని సువర్చలకి అప్పజెప్పాడు. క్షమించేశానని చూపించడానికి అది మంచి అవకాశమని కూడా అన్నాడు. ఎవరు ఎవరిని క్షమిస్తున్నారో ఆమె అడగలేదు.

చూపు నిలవనివ్వని గోడ కట్టడం తెలిసినవాళ్ళకి, చూపు కదలనివ్వని గోడ కట్టడం కష్టం కాదు. అవే గాళ్ళు, అదే తెలుపు. కాని ఈసారి ప్రతి గాడీ కన్నుని మెల్లగా ఒక్క చోటికే లాక్కెళ్తుంది. ఇంటి వీధి తలుపుకీ, పైనున్న బాల్కనీకీ మధ్య. అక్కడికి చేరిన చూపుకి, వెతుకుతున్నదేదో దొరకబోతున్నట్టు ఉంటుంది. తలుపు తెరుచుకుని ఎవరో బయటికొస్తారు, ఏదో చెప్తారు అనిపిస్తుంది. ఆ చెప్పేదేదో వినకుండా వెళ్ళడానికి కాళ్ళు రావు.

మొదటి వరస బట్టీలోంచి తీసి షెడ్డులో నిలబెట్టినప్పుడు, ఏసుదాసు వాటి ముందు నిలబడిపోయాడు. ఆమె భుజం తట్టేదాకా కదల్లేదు.

"మేడం, ఇది మనిషిని ఆపేస్తోందండి."

"తెలుసు."

"ఎవరింటికండీ?"

ఆమె చెప్పింది. ఏసుదాసు కాసేపు తన అరచెయ్యి చూసుకున్నాడు. తర్వాత వెళ్ళి రెండో వరసకి బట్టీ ముట్టించాడు.

చక్రధరరావు ఇల్లు ఏలూరు కాలవ గట్టు మీద, మధ్యతరగతి కాలనీలో. ఫలకాలు బిగించిన మర్నాడు పొద్దున్నే పాలవాడు గేటు దగ్గర సైకిలు ఆపి అలా నిలబడ్డాడు. నడకకొచ్చిన పెద్దవాళ్ళు నిలబడ్డారు. ఆఫీసుకెళ్ళేవాళ్ళు బళ్ళకి కాళ్ళు ఆనించి నిలబడ్డారు. ఎవరూ మాట్లాడుకోలేదు. ఎవరైనా భుజం తడితే తప్ప కదల్లేదు. కదిలినవాళ్ళు, ఎందుకు ఆగామా అని నవ్వుకుని వెళ్ళారు. మళ్ళీ సాయంత్రం అదే చోట ఆగారు.

సువర్చల కాలవకి ఇవతల గట్టున ఇడ్లీబండి దగ్గర బల్ల మీద కూర్చుని చూసింది. అన్నయ్య పోయిన తర్వాత మొదటిసారి కడుపునిండా తింది. చక్రధరరావు బాల్కనీలోకి వచ్చి, కింద అన్ని మొహాలు పైకెత్తి తనవైపు చూస్తుంటే చప్పున లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి కిటికీ తెర కదిలింది. ఆమె ఇంకో ప్లేటు చెప్పింది.

ఆయనకి అర్థం కావడానికి వారం కూడా పట్టలేదు. శాస్త్రజ్ఞుడు కదా. కారు దిగి, నేల మీద చూపు పెట్టుకుని ఆమె గదిలోకి వచ్చాడు. మనిషి గడ్డం గీసుకోలేదు.

"తీసెయ్," అన్నాడు.

"తీసెయ్యండి సర్. మీ ఇల్లు, మీ గోడ. అడిగినవాళ్ళకి ఏం చెప్తారు? మనసుని ముట్టుకోని ఫలకాన్ని ఎందుకు పీకించారని అడుగుతారు."

ఆయన కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. నాలుగు నగరాల వాళ్ళు ఆ నెలలోనే వచ్చి ఇల్లు చూసిపోతామన్నారు. ఇల్లు అంత అందంగా ఉండబట్టే జనం ఆగుతున్నారని ఆయన అప్పటికే ఒక పేపరుకి చెప్పేశాడు. తన అబద్ధం తన మీదికే తలుపు గడియ వేసేసింది.

"ఎన్నాళ్ళని?" అన్నాడు.

సువర్చల కంప్యూటరు వైపు తిరిగింది.

రోజులు గడిచేకొద్దీ ఆయనలో మార్పు వచ్చింది. జనం చూసేది గోడ వల్లేనని తెలిసినా, అన్ని కళ్ళు ఏదో చెప్పమన్నట్టు చూస్తుంటే తెలివి సాయం రాలేదు. వీళ్ళందరికీ తెలిసిపోయిందనిపించేది. ఒకరోజు గేటు దగ్గర నిలబడ్డ ఒక ముసలాయనతో, "నేను కావాలని చెయ్యలేదు," అన్నాడట. ఆ ముసలాయన తెల్లబోయి, "ఏంటి బాబూ?" అన్నాడట. ఇడ్లీబండి ఆవిడ ఈ సంగతి చెప్పినప్పుడు సువర్చల ఒళ్ళంతా తీపెక్కింది. ఇంకా కావాలనిపించింది.

ఆ ఇంట్లో ఇంకో మనిషి ఉందన్న ఆలోచన ఆమెకి రాలేదు. వచ్చినా పక్కకి నెట్టేసింది.

ఆ మనిషే ఒక మధ్యాహ్నం సువర్చల ఉండే నాగమోహన్ ఇంటికి వచ్చింది. తలచుట్టూ చున్నీ కప్పుకుని, కళ్ళు మాత్రం కనబడేలా. లోపలికొచ్చాక చున్నీ తీసింది. ఇరవై ఆరేడేళ్ళుంటాయి. నుదుటి మీదా, నోటి చుట్టూ, మెడ కిందా బొల్లి మచ్చలు.

"నా పేరు ఉదయిని. చక్రధరరావు గారి అమ్మాయిని."

సువర్చల కూర్చోమంది. ఆమె కూర్చోలేదు.

"నేను పశువుల డాక్టర్నండి. ఆ చదువు ఎందుకు చదివానో తెలుసా? కుక్కలూ గేదెలూ నా మొహం వంక వింతగా చూడవు. చిన్నప్పట్నుంచీ బస్సులో, బడిలో, పెళ్ళిళ్ళలో అందరూ చూస్తానే ఉంటారు. చూడకుండా ఉండరు. ఆ చూపులు పట్టించుకోకుండా నడవడం నేర్చుకోడానికి నాకు ఎన్నేళ్ళు పట్టిందో మీకు తెలీదు. ఇప్పుడు తలుపు తీస్తే చాలు, యాభైమంది నోళ్ళు తెరుచుకుని నన్నే చూస్తున్నారు. వీళ్ళు చూసేది గోడనే అని నాన్న అంటాడు. చూసేది నా మొహం కదండీ. ఆసుపత్రికి వెళ్ళడం మానేశా. కిటికీ తియ్యడం మానేశా. ఆ ఫలకాలు చేసింది మీరేనట. ఏం చేశాం మేము మిమ్మల్ని?"

సువర్చల ఆ అమ్మాయిని ఎప్పుడూ చూడలేదు. చూసి ఉంటే మానేదా? తనని తను అడిగింది. మానేదాన్ని కాదు అని లోపల్నుంచి జవాబొచ్చింది. ఆ జవాబు విని తనే జంకింది. అయినా నిప్పు చల్లారలేదు.

"మీ నాన్నగారు చెప్పలేదా ఏం చేశారో?"

"లేదు."

సువర్చల చెప్పింది. షెడ్డు, నేల మీద మూలిగిన ఏసుదాసు, చెయ్యి తొక్కినవాడు, మాయమైన పరీక్ష. తర్వాత ఫోను తీసి గాజుల వీధి కెమెరాలో పడింది చూపించింది. మొదటి నుంచి చివరి దాకా. ఉదయిని కళ్ళు తిప్పుకోలేదు. అతను చెయ్యెత్తినచోట మాత్రం పెదవి బిగబట్టింది.

"ఆ పక్కనే టీకొట్టు ఉంది కదండీ," అంది చివరికి.

"ఉంది."

ఉదయిని చున్నీ మళ్ళీ చుట్టుకుంది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. "మా నాన్న చేసింది తప్పు. మీరు చేసింది కూడా ఆయన చేసిందే. దెబ్బ పడాల్సినవాళ్ళ మీద పడిందని మీకు సంతోషం. పక్కన ఎవరు పడ్డారో మీరూ చూడలేదు."

మర్నాడు చక్రధరరావు వచ్చాడు. కూతురు ఇంట్లోంచి వెళ్ళిపోయిందనీ, స్నేహితురాలింట్లో ఉంటోందనీ, ఫోను ఎత్తట్లేదనీ చెప్పాడు. గుమ్మంలోనే నిలబడ్డాడు. లోపల గోడ మీద నాగమోహన్ ఫొటో ఉంది. దాని వైపు చూడలేదు.

"ఏం కావాలి నీకు?"

"నిజం చెప్పండి."

"ఎవరికి? కోర్టుకా? పేపర్లకా?"

"కోర్టులో మీకు లాయరుంటాడు. పేపర్లో మీకు స్నేహితులుంటారు. గాజుల వీధిలో, మా అన్నయ్య పడిపోయినచోట నిలబడి, దారినపోయేవాళ్ళకి చెప్పండి. ఒక్కరైనా ఆగి విన్నరోజున మీ ఇంటి గోడ నేనే పీకిస్తాను."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "అక్కడ ఎవరూ ఆగరని నీకు తెలుసు."

"మీకూ తెలుసు. ముందునుంచీ."

ఆయన ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు. కాని రెండురోజుల తర్వాత ఉదయాన్నే ఆయన గాజుల వీధిలో ఉన్నాడు. గోడకి వీపు పెట్టి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, కళ్ళద్దాలు. సభలో మాట్లాడుతున్నట్టు మొదలుపెట్టాడు.

"అయ్యా, ఈ గోడలు చేసింది నేను. వీటి పక్కన మనిషి పడిపోతే ఎవరికీ కనబడడని నాకు ముందే తెలుసు..."

జనం నడిచిపోయారు. ఆయన గొంతు పెంచాడు. చెవులకి వినబడదని కాదు. కాలు ఆగనిదే చెవి ఒగ్గదు. ఆ మాటలు బండి హారన్లలాగా, ఇడ్లీపాత్ర మూత చప్పుడులాగా పక్కనుంచి వెళ్ళిపోయాయి. ఆయన ఒకతని చెయ్యి పట్టుకున్నాడు. అతను చెయ్యి విదిలించుకుని, ఎవరు పట్టుకున్నారని కూడా చూడకుండా పోయాడు. ఆ క్షణంలో చక్రధరరావు మొహం చూసి, సందు మొదట్లో టీకొట్టు బల్ల మీద కూర్చున్న సువర్చల గ్లాసు పైకెత్తి నెమ్మదిగా తాగింది.

ఆయన మర్నాడు వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. మొదట్లో నగరాలూ సౌకర్యాలూ అంటూ సమర్థించుకునేవాడు. ఎవరూ వినకపోయేసరికి అవన్నీ రాలిపోయాయి. పోనుపోను చిన్న మాటలే మిగిలాయి. నాకు తెలుసు. దాచాను. మనిషి చచ్చిపోయాడు. గొంతు బొంగురుపోయింది. చొక్కా చెమటకి తడిసి గోడకి అంటుకుంది. ఆయన్ని ఆపేవాళ్ళు లేరు, పొమ్మనేవాళ్ళూ లేరు.

టీకొట్టతను వీధిలో నడవడు, ఆ సందులోనే ఉంటాడు కనుక ఈ అరుపు అతనికి వినబడేది. "చాల్లెండమ్మా," అన్నాడు ఒకరోజు సువర్చలతో. "పెద్దాయన పడిపోయేలా ఉన్నాడు."

"పడిపోతే పంచదార మీ దగ్గరుందిగా," అంది సువర్చల. అనేశాక ఆ మాట చేదుగా నాలుకకి తగిలింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

ఉదయిని వచ్చింది ఆరోజే. చున్నీ లేదు. తల దించుకుని, నేల చూసుకుంటూ వీధి మధ్యకి వచ్చింది. చేతిలో సుత్తి ఉంది, రాళ్ళు కొట్టేవాళ్ళ దగ్గర ఉండే బరువైనది. తండ్రి ఆమెని చూసి మాట ఆపేశాడు. ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఆయన వీపు పక్కనున్న ఫలకం మీద బలంగా ఒక్క దెబ్బ వేసింది. పింగాణీ పగుళ్ళిచ్చింది. రెండో దెబ్బకి ఊడి పడింది. పక్కది కొట్టింది. దాని పక్కది కొట్టింది.

ఫలకాల వెనక పాత గోడ బయటపడింది. పెళ్ళలు రాలిన నీలం సున్నం, దాని కింద ఎర్ర ఇటుక, అరుగు కొట్టేసినచోట మొండి అంచు. మంచం అంత వెడల్పున వీధిలో ఒక్కచోట కంటికి ఆనేది దొరికింది.

కూరల సంచి పట్టుకుని వస్తున్న ఒకావిడ ఆగింది. ఆగినందుకు తనే ఆశ్చర్యపోయినట్టు సంచి చంక మార్చుకుంది. వెనకొచ్చినవాళ్ళు ఆవిడకి తగిలి ఆగారు. ఇంకొందరు ఆగారు. వాళ్ళు గోడని చూశారు, తర్వాత ఉదయిని మొహం చూశారు. ఉదయిని సుత్తి కింద పెట్టి, మొహం దాచుకోకుండా, వాళ్ళవైపు తిరిగి నిలబడింది.

"ఎందుకు పగలగొడుతున్నావమ్మా?" అంది కూరల సంచి ఆవిడ.

"మా నాన్న చెప్తాడు. వినండి."

చక్రధరరావు నోరు తెరిచాడు. ఇన్నాళ్ళూ గుక్కతిప్పుకోకుండా చెప్పిన మనిషికి, ఎదురుగా నిజంగా వినేవాళ్ళు నిలబడేసరికి మాట రాలేదు. పారిపోవడానికి దారి వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూశాడు.

సువర్చల బల్ల మీంచి లేచి వచ్చి ఆయన ఎదుట నిలబడింది. "మొదట్నుంచి చెప్పండి సర్."

ఆయన చెప్పాడు. ఈసారి చాలా నెమ్మదిగా, తల ఎత్తకుండా. టైలరు సంగతి వచ్చేసరికి జనంలో ఒకావిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆరోజు నేను ఇటే వెళ్ళా," అంది ఎవరితోనో. "ఇటే వెళ్ళానే."

"ఆ మనిషి పేరేంటి?" అని అడిగారెవరో.

చక్రధరరావుకి తెలీదు. పేపర్లో చదివే ఉంటాడు, గుర్తుపెట్టుకోలేదు. సువర్చల వైపు చూశాడు. ఆమె కాసేపు ఆయన్ని ఆ చూపుతోనే నిలబడనిచ్చింది. జనం కూడా ఆయనవైపే చూస్తూ ఉండిపోయారు. ఆ తర్వాత తనే చెప్పింది.

"నాగమోహన్. మా అన్నయ్య."

మాట ప్రకారం ఆ సాయంత్రమే కాలవ గట్టు మీది ఇంటి ఫలకాలు పీకించింది. తర్వాత విచారణ జరిగింది. ఏసుదాసు సాక్ష్యం చెప్పాడు. నాలుగు నగరాలూ వెనక్కి తగ్గాయి. చక్రధరరావు మీద కేసు నడిచింది, జైలుకి వెళ్ళాడు. ఆయన ఇంటికి వేసినవి ఏం ఫలకాలో సువర్చల విచారణలో దాచకుండా చెప్పింది. ఇక ఏ పరిశోధనశాలా ఆమెని గడప తొక్కనివ్వలేదు. అందుకు ఆమె పెద్దగా బాధపడలేదు. అన్నయ్య మిషను తెచ్చుకుని, గాజుల వీధిలో అతని పాత అరుగు ఉన్నచోట కూర్చుని జాకెట్లు కుట్టడం మొదలుపెట్టింది. వీధి ఫలకాలన్నీ పీకేసి అరుగులు మళ్ళీ కట్టుకున్నారు, కొందరు సిమెంటుతో, కొందరు నాపరాళ్ళతో. గోడలకి ఎవరికి తోచిన రంగు వాళ్ళు వేసుకున్నారు. వీధి మళ్ళీ ఆలస్యం అయింది.

ఒక సాయంత్రం ఉదయిని ఆ వీధిలో వస్తూ కనిపించింది. ఒక చేతిలో మందుల పెట్టె, ఇంకో చేతిలో ఎవరిదో కుక్కపిల్ల. గాజులమ్మే ఆవిడ పిలిస్తే ఆగింది, నవ్వుతూ ఏదో మాట్లాడింది. అక్కణ్ణుంచి ఇంకో అరుగు దగ్గర ఆగింది. అక్కడి పిల్లలకి కుక్కపిల్లని చూపించింది. సువర్చల మిషను ఆపి, కుడుతున్న గుడ్డ పక్కన పెట్టి లేచి నిలబడింది. ఆమెతో ఏం చెప్పాలో ఎన్నోసార్లు అనుకుంది. అన్నీ గుర్తున్నాయి.

ఉదయిని దగ్గరికొచ్చింది. తలెత్తి ఆమె మొహంలోకి సూటిగా చూసింది. గుర్తుపట్టింది. ఆగకుండా వెళ్ళిపోయింది.